మీవాళ్ళు, మావాళ్ళు అనేదాకా పోకముందే: పనిచోట తగువు తీర్చడం ఎలా

ఒడిశా సరిహద్దు ఊళ్ళలో పనిచోట తగువు పుట్టేది డ్యూటీ గురించో, స్టాకు గురించో, సెలవు గురించో. అది ముదిరేది మాత్రం "ఈ ఆంధ్రావాళ్ళంతా ఇంతే" అనో, "ఒడియావాళ్ళతో ఎప్పుడూ ఇదే తంటా" అనో ఎవరో నోరు జారాక. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జైపూర్, ఎక్కడ చూసినా ఒకే గదిలో తెలుగు, ఒడియా, హిందీ కలిసే నడుస్తాయి. కొన్నిచోట్ల కువి, సవర అనే ఆదివాసీ భాషలు కూడా వినబడతాయి. కాగితాలు ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటాయి, టీ దగ్గర కబుర్లు తెలుగులో సాగుతాయి, కోపం మాత్రం ఎవరికి వాళ్ళ ఇంటి భాషలోనే వస్తుంది. అందుకని పెద్ద ఊళ్ళ కంపెనీ ట్రైనింగుల్లో చెప్పే ఎంపథీ (ఎదుటివాళ్ళ బాధ అర్థం చేసుకోవడం) పాఠం ఇక్కడ ఉన్నదున్నట్టు దిగదు. కొంచెం సర్దుకుని వాడుకోవాలి.

ఇది ముఖ్యంగా సూపర్‌వైజర్లకి, షాపు మేనేజర్లకి, వార్డు ఇన్‌ఛార్జిలకి. "ఆ ఇద్దరికీ మాటల్లేవు, కొంచెం నువ్వే చూడు" అని పైనుంచి ఫోనొస్తే తల పట్టుకునేవాళ్ళకి. తగువు మీదే అయితే ఏం చేయాలో కూడా ఉంది, కాస్త కిందికి.

ఎదుటివాళ్ళ బాధ అర్థం చేసుకోవడం అంటే చాలామంది మెత్తగా మాట్లాడడం అనుకుంటారు. మెత్తగా మాట్లాడుతూ ఒక్క ముక్క వినని మేనేజర్లు ఊరికొకరు ఉంటారు. మీరు నిజంగా కనుక్కోవలసింది ఒక్కటే: ఈ తగువులో వెనక్కి తగ్గితే ఈ మనిషికి ఏం పోతుంది? జీతంలో కోత పడుతుందా, నలుగురిలో పరువు పోతుందా, పండక్కి ఇంటికెళ్ళడం కుదరదా? అది తెలిసేదాకా ఏ పరిష్కారమూ చెప్పకండి.

చెప్పేది గాల్లో తేలకుండా ఒక నర్సింగ్ హోమ్‌ని అనుకుందాం. రాత్రి డ్యూటీ నర్సు దీదీది ఒడియా ఇల్లు. మందుల కౌంటర్ కుర్రాడు పార్వతీపురం వైపువాడు. వార్డు నుంచి ఇండెంట్ (ఫలానా మందులు కావాలని రాసే చీటీ) పంపితే మందులు రావడానికి ముప్పావు గంట పడుతోందని ఆవిడ అంటుంది. ఇండెంట్ మీద సంతకమే ఉండదని అతనంటాడు. ఒకరోజు రాత్రి పేషెంట్ తాలూకు జనం ముందే ఇద్దరూ అరుచుకున్నారు. తెల్లారేసరికి స్టాఫంతా రెండు ముక్కలైంది.

1. మొదటి గంటలో తీర్పు చెప్పకండి

అరుపులు వినబడగానే ముందు జనాన్ని చెదరగొట్టండి, తర్వాత ఆ ఇద్దరినీ విడదీయండి. "దీదీ, మీరు వార్డులోకి వెళ్ళండి, నేను వస్తాను. బాబూ, నువ్వు కౌంటర్ మూసి ఒక్క పది నిమిషాలు బయట కూర్చో." అంతే. ఎవరిది తప్పో ఆ నిమిషంలో మీకు తెలిసినా అనకండి. నలుగురి ముందు మాట పడిన మనిషి ఆ తర్వాత నిజం చెప్పడు, కాచుకుంటాడు.

మనవైపు ఒక అలవాటు ఉంది. ఎవరో పెద్దమనిషి వచ్చి, "సర్లే, అయిందేదో అయింది, చేతులు కలపండి" అని ఇద్దరి చేతులూ పట్టి కలిపేస్తాడు. చూసేవాళ్ళకి బాగుంటుంది. నా లెక్కలో మాత్రం అది అన్నిటికన్నా చెడ్డ పరిష్కారం. ఇద్దరిలో ఒకరి బాధ కూడా ఎవరూ వినలేదు, ఇక అడిగితే "అప్పుడే రాజీ అయిపోయింది కదా" అంటారు. ఆ రాజీ మళ్ళీ ఇండెంట్ ఆలస్యమైన మొదటి రాత్రే తెగిపోతుంది.

ఇంకో సంగతి. మీరు తెలుగువారైతే ఆ గంటలో మందుల కౌంటర్ కుర్రాడితో దీదీ ఎదురుగా తెలుగులో మాట్లాడకండి. "నీళ్ళు తాగు" అన్నా సరే, ఆవిడ చెవికి అది ఇద్దరూ కలిసిపోయి ఏదో అనుకున్నట్టే ఉంటుంది. నిజానికి ఆవిడకి తెలుగు సగం అర్థమౌతుంది, ఈ ఊళ్ళలో చాలామందికి అవుతుంది. ఆ సగమే ప్రమాదం.

2. ఒక్కొక్కరితో విడిగా, వాళ్ళ భాషలో

ఇద్దరినీ ఒకేసారి పిలిస్తే ఎవరి వాదన వాళ్ళు నెగ్గించుకోవడానికి చూస్తారు. విడిగా కూర్చోండి. ముందు ఎవరిని పిలవాలి? మీకు భాషాపరంగా దూరంగా ఉన్నవాళ్ళని. మనవాడిని ముందు పిలిస్తే, లోపల ఏం మాట్లాడుకున్నారో బయట కథలు అల్లేస్తారు.

మీ టేబుల్‌కి అటువైపు ఒక కుర్చీ, ఇటువైపు మీరు అన్నట్టు కాకుండా, పక్కపక్కన కుర్చీలు వేసుకోండి. ఫోను సైలెంట్‌లో పెట్టి బోర్లించండి. డ్యూటీ మధ్యలో కాదు, డ్యూటీ దిగాక కూడా వద్దు. ఇంటికెళ్ళే బస్సు టైము మీద ఒక కన్ను వేసుకున్న మనిషి మనసులో మాట చెప్పడు. డ్యూటీ ఎక్కేముందు అరగంట రమ్మని, ఆ అరగంట డ్యూటీలోనే లెక్కేస్తామని చెప్పండి.

భాష విషయంలో ఒక్కటే నియమం: కోపంగా ఉన్నవాళ్ళని వాళ్ళకి అలవాటైన భాషలో మాట్లాడనివ్వండి, అర్థంకాని చోట మీరే ఆపి అడగండి. మీ ఒడియా బజారు ఒడియా అయితే సిగ్గుపడకుండా ముందే చెప్పేయండి: "దీదీ, నాకు ఒడియా అర్థమౌతుంది గానీ తిరిగి చెప్పడం సరిగా రాదు, తప్పుంటే దిద్దండి." కువి, సవర మాట్లాడేవాళ్ళు హిందీలోనో ఒడియాలోనో మీతో నెట్టుకొస్తారు గానీ గొడవ సంగతి చెప్పేటప్పుడు వాళ్ళకి మాట దొరకదు. అలాంటప్పుడు తగువుతో సంబంధం లేని, వాళ్ళు నమ్మే మనిషిని పక్కన కూర్చోమనండి. ఎవరు కావాలో వాళ్ళనే చెప్పమనండి. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి (1863–1940) సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి ఆ భాషలోనే వాచకాలు రాసిన గడ్డ ఇది. ఒక సాయంత్రం ఒక మనిషి మాట వినడానికి ఇంకొకరి సాయం తీసుకోవడం పెద్ద కష్టమేమీ కాదు.

3. "ఎందుకు" వద్దు, "ఏమైంది" అడగండి

"ఎందుకలా అరిచావు?" అంటే అది ప్రశ్నలా ఉండదు, నేరం మోపినట్టుంటుంది. "ఆ రాత్రి ఏమైంది? మొదటినుంచి చెప్పు" అంటే కథ వస్తుంది. కథలో వివరాలుంటాయి, వివరాల్లో అసలు సంగతి ఉంటుంది.

మందుల కౌంటర్ కుర్రాడిని అలా అడిగితే మొదటి రెండు నిమిషాలు దీదీ మీద చాడీలే చెబుతాడు. చెప్పనివ్వండి, మధ్యలో అడ్డురాకండి. అవి అయిపోయాక కాసేపు ఊరుకోండి. ఆ ఊరుకోవడం మీకు ఇబ్బందిగా ఉంటుంది, ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. అనకండి. అప్పుడు అసలు మాట వస్తుంది.

"నేనేటి కావాలని ఆపేస్తన్నానా అండీ? పోయిన నెల్లో రెండు ఇంజెక్షన్లు లెక్క తేలకపోతే నా జీతంలోంచే కోసేసినారు. సంతకం లేకుండా ఇచ్చేసినవే అవి. మళ్ళీ ఇచ్చీమంటారేటి?"

దీదీ దగ్గర కూర్చుంటే ఇంకో కథ. వార్డులో రాత్రి ఆవిడ ఒక్కతే. సంతకం పెట్టవలసిన డాక్టరు ఫోనులో మందు చెప్పేసి ఉంటారు. కాగితం మీద సంతకం తెల్లారి గానీ పడదు. ఈలోగా పేషెంట్ కొడుకు వచ్చి "మందులేవి" అని ఆవిడ మీదే ఎగురుతాడు. ఆ రోజు ఆ కొడుకు అన్న మాట ఆవిడ మీతో చెప్పదు, కళ్ళు దించుకుంటుంది. చెప్పమని గుచ్చకండి.

ఇద్దరి కథా విన్నాక మీకు తెలిసేది ఇది: ఆంధ్రా లేదు, ఒడిశా లేదు. ఫోనులో చెప్పిన మందుకి సంతకం ఎవరు పెట్టాలన్న పద్ధతి ఆ ఆస్పత్రిలో లేదు. ఆ లోటు బరువు ఇద్దరు చిన్న ఉద్యోగుల మీద పడింది.

4. విన్నది తిరిగి చెప్పండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది, అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది ఇదే. అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్‌తో కలిసి 1957లో దీనికి యాక్టివ్ లిజనింగ్ అని పేరుపెట్టి రాసింది షికాగో యూనివర్సిటీలోని పారిశ్రామిక సంబంధాల కేంద్రం కోసం. అంటే ఇది పుట్టిందే పనిచోటు కోసం. ఎదుటివారు చెప్పిందాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గా అర్థమైందో లేదో వాళ్ళనే అడగాలి.

"అంటే నీ భయమల్లా మళ్ళీ జీతం కోస్తారేమో అనే. దీదీ మీద కోపం దాని తర్వాతే. అంతేనా?"

ఇక్కడ "అంతేనా" అన్న చివరి ముక్క ముఖ్యం. కాదనే అవకాశం అతనికి ఉండాలి. కాదంటే సంతోషించండి, ఇంకా లోపలి మాట రాబోతోంది. అవునని గట్టిగా ఊపిరి వదిలితే సరైన చోట తగిలారన్నమాట. "సర్లెండి" అని ముక్తసరిగా అన్నా, ఒడియాలో "హఉ" అని తలొంచుకున్నా ఒప్పుకున్నట్టు కాదు, ఈ మాటలు ఇక్కడితో ఆపమని. అప్పుడు వదిలేసి మర్నాడు మళ్ళీ అడగండి.

"నీ బాధ నాకు అర్థమైంది" అని మాత్రం అనకండి. సినిమా డైలాగులా ఉంటుంది. ఏం అర్థమైందో చెప్పండి చాలు.

మార్షల్ రోసెన్‌బర్గ్ అనే ఇంకో అమెరికన్ సైకాలజిస్టు మాటని నాలుగు భాగాలుగా విడగొట్టుకోమన్నాడు: నేను చూసిందేమిటి, నాకు ఏమనిపించింది, నాకు ఏం కావాలి, నిన్ను ఏం అడుగుతున్నాను. మంచి వరసే. కానీ మన వర్క్‌షాపుల్లో, కౌంటర్లలో ఏ మగాడూ "నాకు బాధగా అనిపించింది" అనడు. "నలుగురిలో తలెత్తుకోలేకపోయాను" అంటాడు. "పిల్లల ముందు పరువు పోయింది" అంటాడు. "ప్రాణం చివుక్కుమంది" అనేది ఏ వయసు మళ్ళిన అక్కో అయుంటుంది. మీకు కావలసింది వాటిలోనే ఉంది. "నీ ఫీలింగ్ ఏమిటి" అని అడిగి ఇబ్బంది పెట్టకుండా ఆ మాటలు పట్టుకోండి, తిరిగి చెప్పేటప్పుడు అవే వాడండి.

5. ఇద్దరినీ కూర్చోబెట్టడం

విడిగా విన్న రెండు రోజుల్లోపు ఇది జరగాలి. మరీ ఆలస్యమైతే మధ్యవర్తులు తయారవుతారు.

కూర్చోగానే భాష తేల్చుకోండి. ముగ్గురికీ వచ్చిన భాషలో మాట్లాడదామనండి. అది సగం ఒడియా, సగం తెలుగు, మధ్యలో హిందీ అయినా పరవాలేదు. ఎవరైనా తమ భాషలోకి జారితే మీరు రెండోవారికి అక్కడికక్కడే చెప్పేయాలి, ఒక్క ముక్క వదలకుండా. తిట్టు ఉంటే తిట్టని చెప్పండి, పదం చెప్పక్కర్లేదు.

మొదట మాట్లాడేది మీరే. ఎవరు ఏం తప్పు చేశారన్నది కాదు, ఇద్దరూ దేనికి భయపడుతున్నారన్నది ఎదురెదురుగా పెట్టండి. వాళ్ళ అనుమతి ఉన్నంతవరకే. "ఇతనికి సంతకం లేకపోతే జీతం పోతుంది. ఈవిడకి మందు ఆలస్యమైతే వార్డులో జనం తిడతారు. ఇద్దరూ సరిగ్గానే భయపడుతున్నారు." అప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. జీతం కోసిన సంగతి దీదీకి అంతవరకు తెలియదు మరి.

ఆ తర్వాత ఒక్కొక్కరూ ఎదుటివారు చెప్పింది తిరిగి చెప్పాలి, తర్వాతే జవాబివ్వాలి. ఇది పిల్లల ఆటలా ఉందని నవ్వుతారు. నవ్వనివ్వండి, నవ్వితే మంచిదే.

పాత లెక్కలు బయటికొస్తే, "రెండేళ్ళ కిందట కూడా ఇలాగే..." అని మొదలుపెడితే, కాగితం మీద రాసుకుని పక్కన పెట్టండి. "అది రాశాను, దానికి వేరే కూర్చుందాం." నిజంగా రాయాలి, వాళ్ళకి కనబడేలా. ఊరికే దాటేస్తే ఆ మనిషి ఇంకేదీ వినడు.

క్షమాపణ చెప్పమని బలవంతం చేయకండి. ఎవరైనా తమంతట తాము చెబితే, "తప్పే, కానీ..." అన్న చోట మెల్లగా ఆపండి. "కానీ దాకా ఒద్దు, తప్పే అన్నావు కదా, చాలు."

6. ఒప్పందం చిన్నదిగా ఉండాలి

"ఇకనుంచి ఒకరినొకరు గౌరవించుకుంటాం" అన్న ఒప్పందాన్ని ఎవరూ పాటించలేరు, తప్పినా పట్టుకోలేరు. రేపు రాత్రి తొమ్మిదింటికి చేయగలిగిన పని రాయండి. మన నర్సింగ్ హోమ్‌లో అది ఇలా ఉండొచ్చు: డాక్టరు ఫోనులో మందు చెబితే దీదీ ఇండెంట్ మీద టైము, డాక్టరు పేరు రాసి తన సంతకం పెడుతుంది. కౌంటర్‌లో అది చూసి మందు ఇస్తారు. తెల్లారి పది గంటల్లోపు డాక్టరు సంతకం తెప్పించే బాధ్యత ఇన్‌ఛార్జిది. సంతకం రాకపోతే ఆ లెక్క కౌంటర్ కుర్రాడి మీద పడదు.

చివరి రెండు వాక్యాలూ మీ మీద బరువు పెట్టాయి, గమనించారా? చాలా తగువులు ఇలాగే ఉంటాయి. కింద ఇద్దరు కొట్టుకుంటున్నారంటే పైన ఎవరో ఒక పని ఎగ్గొట్టి ఉంటారు. యాజమాన్యం దగ్గరికెళ్ళి "జీతం కోత పద్ధతి మార్చాలి" అని అడిగే ఉద్దేశం మీకు లేకపోతే ఈ కూర్చోబెట్టడాలన్నీ దండగ.

రాశాక చదివి వినిపించండి. రాయగడ వైపు తెలుగు చక్కగా మాట్లాడి, చదువంతా ఒడియాలో కావడంవల్ల తెలుగు అక్షరం రానివాళ్ళు ఎంతోమంది. అవతల పార్వతీపురం నుంచి వచ్చినవాళ్ళకి ఒడియా బోర్డులు చదవడం రాదు. అక్షరం రాదన్న సంగతి ఎవరూ నోరువిప్పి చెప్పరు, సంతకం పెట్టేస్తారు.

తగువు మీదే అయితే

మధ్యలో ఎవరూ లేకపోతే మీరే మొదలుపెట్టాలి. ముందు ఒక కాగితం మీద రెండు వరసలు రాసుకోండి: జరిగినది, నేను ఊహించుకున్నది. "మీటింగుకి నన్ను పిలవలేదు" జరిగినది. "నన్ను తొక్కేయాలని చూస్తున్నాడు" ఊహించుకున్నది. ఎదుటి మనిషి దగ్గర మొదటి వరసే తెరవండి.

"బుధవారం మీటింగు సంగతి నాకు తర్వాత తెలిసింది. స్టోర్స్‌లో అందరి ముందు నాకేం తెలియనట్టు నిలబడవలసి వచ్చింది. ఈసారి ముందురోజు నాకో ఫోను చేస్తారా?" ఇందులో తిట్టు లేదు, దాచుకున్నదీ లేదు.

ఎదుటి మనిషి మీ షావుకారో, పెద్ద సారో అయితే "మీరు తప్పు చేశారు" అన్న రూపంలో ఏ మాటా చెల్లదు. ఒంటరిగా ఉన్నప్పుడు, ఆయన చేతిలో పని లేనప్పుడు, "సార్, రెండు నిమిషాలు, నాదో ఇబ్బంది చెప్పుకోవాలి" అని అడగండి. ఆయన టెన్షన్ ముందు మీరే చెప్పండి: "సీజన్‌లో సరుకు ఆగితే మీకెంత నష్టమో నాకు తెలుసు." తర్వాత మీ ఇబ్బంది. ఇది కాకాపట్టడం అనుకోకండి. ఆయన భయమేమిటో మీకు తెలిసిందని ఆయనకి తెలిస్తేనే మీ మాటకి చోటు దొరుకుతుంది.

పిలుపుల దగ్గర జాగ్రత్త

శ్రీకాకుళం, పార్వతీపురం వైపు "నువ్వు" అనేది చనువు. పెద్దవాళ్ళని కూడా ప్రేమగా "నువ్వు" అంటాం. ఆ చనువునే ఒడియాలోకి మోసుకెళ్ళి తోటి ఉద్యోగిని "తు" అంటే మొహం మాడిపోతుంది. ఒడియాలో తు, తుమే, ఆపణ అని మూడు మెట్లున్నాయి. వాళ్ళే చనువిచ్చేదాకా "ఆపణ" దగ్గరే ఉండండి. ఇది ఆఫీసరు బాబులకే పరిమితం చేయకండి. ఊడ్చే మనిషికి, లోడింగు కూలీకి, కొండ మీదనుంచి పనికొచ్చే కుర్రాడికి కూడా అదే పిలుపు. ఫోర్‌మన్ ఒక్కడు ఈ అలవాటు మార్చుకున్నా షెడ్డులో సగం గొణుగుళ్ళు తగ్గుతాయి.

సెలవుల తగువు

ఇది ఏటా వచ్చేదే, ముందే ఆపగలిగేది కూడా. జనవరిలో సంక్రాంతికి తెలుగువాళ్ళంతా ఒకే మూడు రోజులు అడుగుతారు. జూన్ నడిమిలో రజ పండగకి ఒడియా వాళ్ళు అడుగుతారు. ముఖ్యంగా ఆడవాళ్ళు, ఆ మూడు రోజులూ వాళ్ళకి పనినుంచి విశ్రాంతి, ఉయ్యాలలు, పొడొ పిఠా అనే పిండివంట. రథయాత్ర ఉంటుంది. కొండ ఊళ్ళవాళ్ళకి చైత్ర పండగ. గజపతి జిల్లాలో డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ సెలవు చాలామందికి కావాలి. బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర వస్తే ఊరంతా ఊరేగింపే.

మేనేజర్లు "మీ పండక్కి మూడు రోజులు, మా పండక్కి ఒక్కరోజా" అన్న మాట పడ్డాక లెక్కలు తీస్తారు. అంతకన్నా డిసెంబరులోనే గోడకి ఒక పెద్ద కేలండర్ తగిలించి, ఒక్కొక్కరినీ తమకి తప్పనిసరైన రోజులు రాయమనండి. "ఈ రోజు నీకెందుకంత ముఖ్యం?" అని అందరి ముందూ ఆసక్తిగా అడగండి. ఉయ్యాల సంగతి, భోగిమంట సంగతి, ఇంటిదేవర మొక్కు సంగతి చెప్పుకుంటారు. సంక్రాంతికి నా డ్యూటీ నువ్వు చెయ్యి, రజకి నీది నేను చేస్తాను అన్న మాట వాళ్ళలోనే పుడుతుంది. మీరు చెబితే ఆర్డరు, వాళ్ళనుకుంటే బాకీ. బాకీని జనం గుర్తుపెట్టుకుని తీరుస్తారు.

వాట్సాప్ గ్రూపు

గ్రూపులో మొదలైన గొడవకి గ్రూపులో జవాబివ్వకండి. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసిన ఒడియా, తెలుగు ముక్కల్లో గొంతు ఉండదు, వేళాకోళం కూడా తిట్టులా కనిపిస్తుంది. "చూశాను, సాయంత్రం మాట్లాడదాం" అని ఒక్క లైను పెట్టి, ఇద్దరికీ విడిగా ఫోను చేయండి. మెసేజ్ డిలీట్ చేయించడం వల్ల ఒరిగేదేమీ లేదు, అప్పటికే స్క్రీన్‌షాట్ ఉంటుంది.

ఈ పద్ధతి వాడకూడని చోట్లు

ఇది గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే "మనలో మనం కూర్చుని మాట్లాడుకుందాం" అన్న మాట కింద చాలా అన్యాయాలు కప్పేస్తారు.

లైంగిక వేధింపు ఫిర్యాదుని మీరు కూర్చోబెట్టి తీర్చకూడదు. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. పదిమంది లేకపోతే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి వెళ్ళాలి. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల దాకా గడువు పెంచవచ్చు. రాజీ అన్నది ఆ స్త్రీ కోరితేనే, అదీ కమిటీ ద్వారానే. డబ్బు ఇచ్చి చేసే రాజీ చెల్లదు. ఆవిడ మీ దగ్గరికొస్తే జరిగిన వివరాలు తవ్వకండి. వినండి, కమిటీ దారి చెప్పండి, కావాలంటే తోడు వెళ్ళండి.

దళితులనో ఆదివాసీలనో నలుగురి ఎదుట కులం పేరుపెట్టి తిట్టడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. "కోపంలో అన్నాడులే" అని తిట్టినవాడి తరఫున మీరు మాట్లాడవద్దు. తిట్టు తిన్న మనిషిని సర్దుకుపొమ్మనవద్దు.

మిషనుకి అడ్డుగా ఉండే రక్షణ కవచం (గార్డు) తీసేసి పని చేయిస్తున్నారు, హెల్మెట్ ఇవ్వడం లేదు అన్న గొడవలో అర్థం చేసుకోవలసిన రెండో పక్షం లేదు. పని ఆపించండి. జీతం ఎగ్గొడితే జిల్లా లేబర్ ఆఫీసు ఉంది. ఇరవై మంది, అంతకు మించి కార్మికులున్న పరిశ్రమలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం మనుషులూ కార్మికుల మనుషులూ సమానంగా ఉండాలి. మీ చోట ఉందో లేదో ఒకసారి నోటీసు బోర్డు చూడండి.

తర్వాతి వారం

ఒప్పందం అయ్యాక వారం తిరక్కుండా ఒక్కొక్కరినీ విడిగా పలకరించండి. "అంతా బాగానే ఉందా" అంటే "ఆఁ" అంటారు. అలా కాకుండా పని గురించి అడగండి: "నిన్న రాత్రి ఇండెంట్ ఎంతసేపట్లో వచ్చింది దీదీ?" "సంతకాలు పదింటికల్లా వస్తున్నాయా?" రావడం లేదంటే ముందు మీ పని చూసుకోండి, వాళ్ళని కాదు.

ఇద్దరినీ కలిపి టీకి తీసుకెళ్ళాలని ఉబలాటపడకండి. కొందరు కలుస్తారు, కొందరు కలవరు. పని నడిచి, చూసినప్పుడు మొహం తిప్పుకోకుండా ఉంటే చాలు. అదీ కుదరకపోతే, నెలయినా మాటలు లేకపోతే, షిఫ్టులు వేరుచేయండి. ఎవరి షిఫ్ట్ మారుస్తున్నారో, ఎందుకు మారుస్తున్నారో ఇద్దరికీ ఒకే మాట చెప్పండి. నష్టం ఒకరికే పడకుండా నైట్ డ్యూటీలు లెక్కగట్టి పంచండి. షిఫ్ట్ మారేటప్పుడు ఒకరు ఇంకొకరికి అప్పగించేవి హ్యాండోవర్ రిజిస్టర్‌లో రాయించండి.